సైడ్ ఇచ్చిన చెయ్యి

మా వీధి డ్రైవరన్న పోయి నెల దాటింది. మొన్న సోమవారం బడికి పోతూ శిరివెళ్ల దగ్గర ఒక బియ్యం లారీ వెనక పడ్డాను. హైవేలో ఒక వరుస నిండా రైతులు మొక్కజొన్నలు ఆరబోసుకున్నారు. మిగిలిన ఒక్క వరుసలోనే అన్ని బండ్లూ పోవాలి. ఉన్నట్టుండి లారీ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి నేల వైపు పెట్టి గాలిని రెండుసార్లు మెల్లగా తట్టింది. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. ముందర గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. ఆ మంద దాటేంతలో నాకు కళ్లు చెమర్చాయి. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. అది ఏం చెబుతోందో తెలుసుకోవడం మాత్రం నాకు నేర్పింది డ్రైవరన్న.

ఆయనకు పేరు లేక కాదు. నంద్యాలలో మా వీధి మొత్తానికి ఆయన డ్రైవరన్నే. కళ్లలో పొర వచ్చి, షుగరు ముదిరి లారీ దిగిపోయి ఎనిమిదేళ్లయినా ఆ పిలుపు మారలేదు. పొడుగ్గా, సన్నగా, భుజం మీద ఒక తువ్వాలుతో తిరిగేవాడు. ఆయన చేతులు రెండూ ఇద్దరు మనుషులవిలా ఉండేవి. కుడిచెయ్యి మోచేతి దాకా మాడి నల్లగా ఉండేది, ఎడమది చామనఛాయ. ముప్పై ఐదేళ్లు కుడిచెయ్యి లారీ కిటికీ మీద ఎండలో ఉండిపోవడం వల్ల అట్లా అయిందని వాళ్లావిడ చెప్పింది. ఎనిమిదేళ్లు నీడలో కూర్చున్నా ఆ నలుపు పోలేదు.

లారీ వదిలాడు గానీ రోడ్డు మర్యాద ఆయనను వదల్లేదు. మా వీధి సందు ఇరుకు. ఎదురుగా ఎవరైనా నీళ్ల బిందెతో వస్తే చాలు, ఆయన ఎడమకు తగ్గి, గోడకు ఆనుకుని నిలబడి, చేత్తో దారి చూపేవాడు. పెళ్లిళ్లలో బంతి దగ్గరా అంతే. ముందు పోయేవాళ్లను పోనిచ్చి చివరి ఆకు దగ్గర కూర్చునేవాడు. బస్సెక్కితే కిటికీ పక్క సీటు పట్టుకునేవాడు. పక్కన లారీ పోతుంటే డ్రైవరు కళ్లలో పడేలా కిటికీలోంచి బయటికి వంగి, రెండు వేళ్లు నుదుటికి ఆనించేవాడు. చెయ్యి లోపల పెట్టుకోమని ఎంతమంది కండక్టర్లు ఆయన మీద కేకలేశారో లెక్కలేదు. కేకలేసిన కండక్టరుకు కూడా అవే రెండు వేళ్లు నుదుటికి ఆనించేవాడు.

ఎవరో ఏమో తెలియని వాళ్లకు దండం ఎందుకన్నా అని ఒకసారి అడిగాను.

"తెల్సినోనికి అందరూ పెడ్తారు టీచరమ్మా" అన్నాడు.

ఆయన దగ్గర నేను శిష్యురాలిగా చేరడానికి కారణం మా ఆయన. నాకు నలభై ఎనిమిదో ఏట బదిలీ వచ్చింది. ఆళ్లగడ్డ దాటి అహోబిలం దారిలో ఉన్న ఒక పల్లె బడికి వేశారు. ఉదయం బస్సులు నా వేళకు లేవు. ఒక పాత కారు కొన్నాం. డ్రైవింగు స్కూల్లో నెలరోజులు నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. మొదటిసారి హైవే ఎక్కిన రోజు మా ఆయన పక్కన కూర్చున్నాడు. వెనకనుంచి ఏ లారీ వచ్చినా ఆయన నాకంటే ముందే అరిచేవాడు. గోస్పాడు అడ్డరోడ్డు దాకా కూడా పోలేకపోయాను. కారు పక్కన ఆపేసి స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాను. రెండోరోజు నా మొహం చూసి విషయం కనుక్కున్న డ్రైవరన్న భార్య, మా ఇంట్లో ఒకాయన ఊరికే కూర్చోని ఉండాడు, ఆయన్ను పక్కన పెట్టుకోని పో అని గోడ మీద నుంచి చెప్పింది. ఆమెను నేను వదినె అనేదాన్ని.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి డ్రైవరన్న తెల్లచొక్కా వేసుకుని మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. నాలుగు టైర్లనూ కాలితో తట్టి చూశాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు. అప్పుడు ఎక్కాడు. అయ్యలూరు మెట్ట దగ్గర హైవే పక్కన ఒక టీ అంగడి నీడలో కారు ఆపించి, తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు.

"ఈ పొద్దు తోలొద్దు. ఊరికే చూడు" అన్నాడు.

గంటసేపు అట్లా రోడ్డును చూస్తూ కూర్చున్నాం. నాకు అప్పటిదాకా లారీ అంటే ఒక గోడ. మీదికి వచ్చే గోడ. ఆ గంటలో గోడకు కళ్లూ చేతులూ రావడం మొదలైంది. ఎదురెదురు లారీలు దాటుకునేటప్పుడు ఒకడు లైటు ఒకసారి కొట్టాడు. 'నిన్ను చూసినా' అని చెప్తున్నాడట. ఇంకొకడు వరసగా నాలుగుసార్లు కొట్టాడు. వానికి దారి వదిలెయ్యి, వాడు ఆగడు అన్నాడు డ్రైవరన్న. పగలు లైట్లు వేసుకుని వచ్చి అరచెయ్యి కిందికి తట్టాడంటే ముందర ఏదో ఉంది. గొడ్లో, పడిపోయిన బండో, గుంతో. వేలు గుండ్రంగా తిప్పి కిందికి చూపిస్తే నీ టైరు చూసుకో. ముందు పోయే లారీ ఎడమ ఇండికేటర్ వేసి పక్కకు తగ్గితే నువ్వు పోవచ్చు. కుడిది వేస్తే ఎదురుగా బండి ఉంది, ఆగు.

"అందరూ అట్లే వేస్తారా అన్నా?"

"వెయ్యరు. కొందరు తిరకాసుగా వేస్తారు. అందుకే బల్బును నమ్మొద్దు. మనిషిని చూడు."

హారన్ అంటే ఆయనకు సరిపడేది కాదు. హారన్ తలుపు తట్టినట్టు ఉండల్ల, తలుపు పగలగొట్టినట్టు కాదు అనేవాడు. నేను ఒకసారి భయపడి ఒక సైకిలు ముసలాయన వెనక గట్టిగా హారన్ మోగించాను. ఆ ముసలాయన సైకిలుతో సహా పక్కకు పోయి, ఒక కాలు నేల మీద పెట్టి నిలదొక్కుకున్నాడు. డ్రైవరన్న నన్ను ఏమీ అనలేదు. కారు ఆపమని చెప్పి, దిగి వెనక్కి నడిచిపోయి ఆ ముసలాయనతో ఏదో మాట్లాడి వచ్చాడు. ఏం చెప్పావన్నా అంటే, కొత్తగా నేర్చుకుంటాండాది, తప్పయిందని చెప్పినా అన్నాడు. నాకు సిగ్గయింది. ఆ తర్వాత సైకిలు వెనక నేను ఎన్నడూ హారన్ కొట్టలేదు.

ఇంకొక ఆదివారం మా ముందు ఒక జంట మోటారు సైకిలు మీద పోతున్నారు. వెనక కూర్చున్న అమ్మాయి చీరకొంగు చక్రానికి జానెడు దూరంలో కొట్టుకుంటోంది. ఆయన కంగారు పడలేదు. నన్ను కొంచెం ముందుకు పోనిచ్చి, బండికి కుడిపక్కన సమంగా నడపమన్నాడు. అద్దం దించి, ఆ అమ్మాయి కళ్లలోకి చూసి, తన భుజం మీద తువ్వాలు కొసను పట్టుకుని ఒడిలోకి లాక్కున్నాడు. అరిస్తే అమ్మాయి అదిరిపడి మొగుణ్ణి కుదుపుతుందని ఆయనకు తెలుసు. ఆమె కిందికి చూసుకుంది. కొంగు లాగి నడుములో దోపుకుంది. మేం దాటిపోయేటప్పుడు చెయ్యెత్తి దండం పెట్టింది. ఆ పూటంతా డ్రైవరన్న మొహం కడిగినట్టు ఉంది.

రెండు నెలల్లో నేను ఒక్కదాన్నే బడికి పోవడం మొదలుపెట్టాను. అయినా వారానికి ఒకసారి, సెలవు రోజు, ఆయనను ఎక్కించుకుని ఏదో ఒక దారిలో పోయివచ్చేదాన్ని. అన్నీ నేర్పాడు. ఒక్కటి మాత్రం నేర్పలేదు. వెనక వచ్చేవాడికి సైడ్ ఇచ్చేటప్పుడు ఎడమకు తగ్గు, అంతవరకే అనేవాడు. చెయ్యి చాపి 'రా' అని ఊపనిచ్చేవాడు కాదు.

"ఆగు అని చెప్పు. మెల్లగా అని చెప్పు. రమ్మని మాత్రం ఎవరికీ చెప్పొద్దు."

ఎందుకన్నా అంటే కిటికీ బయటికి చూశాడు. ఆయనకు ఇష్టం లేని మాట వచ్చినప్పుడల్లా అట్లా చూసేవాడు. నేను వదిలేశాను.

ఆ ఎండాకాలం ఒక సెలవురోజు ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల వరుస దగ్గర కారు ఆపమన్నాడు. ఇక్కడ నాకొక తమ్ముడు ఉండాడు, చూసి పోదాం అన్నాడు. ఒక షెడ్డులోంచి నలభై ఏళ్లు దాటిన మనిషి ఒకడు చంకకర్ర ఊతంతో గబగబా బయటికి వచ్చాడు. జుట్టు నిండా, కనుబొమల నిండా తెల్లటి రాతిపొడి. ఎడమకాలు తొడ దగ్గరే ఆగిపోయి, ప్యాంటు అంచు పైకి మడిచి ఉంది. వాడి మొహంలో అంత సంతోషం నేను చాలా రోజులుగా ఎవరి మొహంలోనూ చూడలేదు.

కుర్చీ తుడిచి వేశాడు. లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. నాకు ఆయన్ను పరిచయం చేస్తూ, మేడం, ఈయన్న లేకుంటే నేను ల్యాను అన్నాడు. ఇరవై ఏళ్ల కింద తాను రోడ్డు మీద పడి ఉంటే లారీలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చి ప్రాణం నిలిపింది ఈయనే అని, ఎంత బరువు సరుకుతో పోతున్నా ఆ తర్వాత కూడా ఆళ్లగడ్డలో ఆగి తనను చూడకుండా పోయేవాడు కాదని చెప్పాడు. శిల్పి భార్య వచ్చి డ్రైవరన్న కాళ్లకు దండం పెట్టింది. డ్రైవరన్న మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాడే గానీ నోటి దగ్గరికి తీసుకుపోలేదు. వచ్చేటప్పుడు చూస్తే గ్లాసు నిండుగానే కుర్చీ పక్కన ఉంది.

తిరుగు దారిలో శిరివెళ్ల దాకా వచ్చాం. అక్కడ ఒక చోట, మెల్లగా పో టీచరమ్మా అని, చెయ్యి చూపించాడు. ఇప్పుడు అక్కడ నాలుగు వరుసల హైవే, మధ్యలో గన్నేరు మొక్కలు. అప్పట్లో రెండు బండ్లకు సరిపోయే రోడ్డు, రెండు పక్కలా చింతచెట్లు ఉండేవట. ఆయన నంద్యాల నుంచి కడపకు బియ్యం తీసుకుపోతున్నాడు. పొద్దున పది గంటల వేళ. వెనక ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద హారన్ కొడుతూ చాలాసేపటి నుంచి వస్తున్నాడు. పాపం ఏం తొందరో అనుకున్నాడు ఈయన. ముందర చూస్తే రోడ్డు కనుచూపు మేర ఖాళీ. కుడిచెయ్యి బయటికి చాపి 'రా' అని ఊపాడు. బండి వచ్చింది. సరిగ్గా అప్పుడే కుడిపక్క చేలదారిలోంచి, చింతచెట్టు చాటు నుంచి, ట్రాక్టరు ఒకటి రోడ్డెక్కింది.

"నేను రోడ్డు చూసినా టీచరమ్మా. రోడ్డు పక్కన చూళ్ళేదు."

లారీ ఆపి, రక్తంలో ఉన్న కుర్రవాణ్ణి ఎత్తి క్యాబిన్‌లో పడుకోబెట్టి ఆళ్లగడ్డకు తెచ్చాడు. పోలీసులు అడిగితే ట్రాక్టరు అడ్డం వచ్చింది, బండి గుద్దుకుంది అని చెప్పాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. తన చెయ్యి సంగతి ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ కుర్రవాడికి కాలు తీసేశారని తర్వాత తెలిసింది. చూడడానికి పోయాడు. మంచంమీద నుంచే వాడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ రోజు చెప్పి ఉంటే సరిపోయేది. ఆ రోజు నోరు రాలేదు. తర్వాత పోయిన ప్రతిసారీ చెప్పాలనే పోయాడు. ప్రతిసారీ దండాలు పెట్టించుకుని వచ్చాడు.

"వాడు దండం పెట్టినప్పుడల్లా ఈ చెయ్యి యాడ పెట్టుకోవల్నో తెలీదు నాకు" అన్నాడు తన నల్లటి కుడిచేతిని ఒడిలో పెట్టుకుని చూసుకుంటూ.

నాకు ఓదార్చే మాటలు చాలానే వచ్చు. బడిలో రోజూ వాడే మాటలే. ఒక్కటీ ఆ చేతికి సరిపోయేది కాదనిపించింది. ఇల్లు చేరేదాకా కారు నడిపాను, అంతే.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు శిల్పి తన మూడు చక్రాల స్కూటరు మీద నంద్యాలకు వచ్చాడు. ఆళ్లగడ్డలో ఇల్లు కట్టుకున్నాడట. గృహప్రవేశానికి పిలవడానికి వచ్చాడు. తనకు నాయన లేడు కాబట్టి, ఆ స్థానంలో డ్రైవరన్నే ముందు గడప దాటాలని, ఆయన చేతుల మీదే పాలు పొంగించాలని, తమ ఇంట్లో అందరూ అనుకున్నారని చెప్పాడు. కొత్త పంచె, కండువా కూడా తెచ్చాడు. వదినె వాటికి పసుపు పెట్టి దేవుడి పటం ముందు పెట్టింది. ఆ పంచె ఉన్న గదిలోకి డ్రైవరన్న రెండురోజులు పోలేదట. మూడోరోజు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే కారు దగ్గరికి వచ్చాడు.

"నన్ను ఆళ్లగడ్డకు తీస్కపో టీచరమ్మా. వానితో ఒక మాట చెప్పి వస్తా. చెప్పకుండా ఆ ఇంట్లో కాలు పెట్టలేను."

ఆ రోజు ఒంటిపూట బడి. ఆయనను ఆళ్లగడ్డలో ఒక హోటల్లో కూర్చోబెట్టి పోయి, మధ్యాహ్నం తిరిగి వచ్చి ఎక్కించుకున్నాను. ఇడ్లీ తెప్పించుకుని తినకుండా కూర్చున్నాడని హోటలాయన చెప్పాడు. షెడ్డు దగ్గర దిగాక నేను కారులోనే ఉంటానన్నాను. వద్దు, పక్కన ఉండు అన్నాడు.

శిల్పి రాయి కోసే మిషన్ ఆపి, రాతిపొడి తుడుచుకుంటూ నవ్వాడు. కుర్చీ వెయ్యబోయాడు. డ్రైవరన్న కూర్చోలేదు.

"నీకొక మాట చెప్పల్ల. ముందే చెప్పాల్సింది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది గానీ తువ్వాలు కొస వేళ్ల మధ్య నలిగిపోతోంది. "ఆ పొద్దు లారీలోంచి నీకు రమ్మని చెయ్యి ఊపింది నేనే. నేను రమ్మంటేనే నువ్వు వచ్చినావు. ట్రాక్టరును నేను చూళ్ళేదు."

శిల్పి పక్కనున్న ఒక ఉలి చేతిలోకి తీసుకున్నాడు. దాని మొన మీద బొటనవేలు పెట్టి పదును చూస్తున్నట్టు కాసేపు రుద్దాడు.

"ఏ చెయ్యన్నా?" అన్నాడు. "నేను ఏ చెయ్యీ చూళ్ళేదే."

"నేను ఊపినా."

"ఊపింటావు. నేను చూస్తే గదా. ఆ పొద్దు పనిలో చేరల్ల, ఆలస్యమైపోయింది నాకు. నువ్వు ఊపినా ఊపకున్నా నేను వస్తాంటి." ఉలిని పక్కన పెట్టాడు. "ఇన్నేండ్లు దీన్నా నువ్వు మోస్తాండేది? కూర్చో. నిలబడే ఉంటావేంది."

డ్రైవరన్న కూర్చున్నాడు. శిల్పి భార్యను కేకేసి టీ పెట్టమన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఇంటి తలుపులకు ఏ కర్ర వాడారు, మెట్లకు ఏ రాయి వేశారు అనే మాటలే మాట్లాడుకున్నారు. టీ వచ్చింది. ఈసారి డ్రైవరన్న గ్లాసు ఖాళీ చేశాడు.

కారు హైవే ఎక్కాక, చాలాసేపు నడిచాక, నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, పిల్లోళ్ళు అబద్ధం చెప్తే నీకు తెల్సిపోతాది గదా. వాడు చెప్పింది నిజమేనా?"

ఇరవై ఐదేళ్లు బడిపిల్లలతో ఉన్నాను. అబద్ధం చెప్పే పిల్లవాడు పై కప్పునో గోడనో చూడడు. చేతిలో ఏ చిన్న వస్తువు ఉంటే దాన్నే చూస్తాడు. పెన్సిలు ముక్క, చొక్కా గుండీ, ఏదైనా. శిల్పి ఉలి మొనను ఎట్లా చూశాడో నేను చూశాను.

"నిజమేనన్నా" అన్నాను. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి రోడ్డును చూస్తూ చెప్పగలిగాను.

ఆయన తల ఊపాడు. కొంత దూరం పోయాక, తనలో తాను అనుకున్నట్టు, వాడు చూడకపోయినా నేను ఊపినా గదా అన్నాడు. కొంచెం ఆగి, చూళ్ళేదంట అన్నాడు. ఆ రెండు మాటలనూ నంద్యాల వచ్చేదాకా మార్చి మార్చి తూకం వేసుకుంటున్నట్టు కూర్చున్నాడు.

గృహప్రవేశానికి కొత్త పంచె కట్టుకున్నాడు. అందరికంటే వెనక నిలబడ్డాడు, అలవాటు ప్రకారం. శిల్పి చంకకర్ర వేసుకుంటూ జనంలోంచి వచ్చి, చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడు. పాలు పొంగేటప్పుడు పొయ్యి ముందు కూర్చున్న డ్రైవరన్న కళ్లలోకి పొగ పోయిందని అందరూ అనుకున్నారు.

భోజనాలయ్యాక వదినె అహోబిలం పోయి వద్దామంది. నేను రోజూ బడికి పోయే దారే. ఇరుకు రోడ్డు, రెండు పక్కలా వరిమళ్లు. వెనక జనంతో కిక్కిరిసిన ఒక ఆటో వస్తోంది. నేను ఎడమకు తగ్గాను. ఆటోవాడు రావడం లేదు. నా కారు అడ్డంగా ఉండి వాడికి ముందు రోడ్డు కనబడడం లేదు. డ్రైవరన్న సీట్లో నిటారుగా కూర్చున్నాడు. ముందుకు చూశాడు. కుడిపక్క మళ్ల వైపు చూశాడు. ఎడమపక్క చూశాడు. మళ్లీ ముందుకు. పొర తీయించుకున్న ఆ కళ్లతో ఒక్కొక్క గట్టునూ, ఒక్కొక్క చెట్టునూ వెతికాడు. ఎంతసేపు చూశాడంటే వెనక సీట్లోంచి వదినె, ఏందీ, ఏమయింది అని అడిగింది.

"చెయ్యి చాపు టీచరమ్మా" అన్నాడు. "రమ్మను."

నేను ఆయన మొహం వైపు ఒక్కసారి చూసి, కుడిచెయ్యి కిటికీ బయట పెట్టి ఊపాను. ఆటో మమ్మల్ని దాటి పోయింది. పోతూ పోతూ చిన్నగా ఒక్కసారి హారన్ కొట్టాడు, తలుపు తట్టినట్టే. డ్రైవరన్న రెండు వేళ్లు నుదుటికి ఆనించాడు. ఆ ఆటో మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆయన వేళ్లు అక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన ఆరు నెలలే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిని, వసారాలో మంచం వాల్చుకుని పడుకున్నాడు. వదినె టీ తెచ్చి లేపితే లేవలేదు. గుండె అన్నారు. శిల్పి ఆ మూడు చక్రాల బండి మీదే వచ్చాడు. గుంత దగ్గర ఒకళ్లు పట్టుకుంటే వంగి మట్టి వేసి, ఆ మట్టి చేతులతోనే తిరిగి బండెక్కిపోయాడు.

మొన్న గొర్రెల మంద దగ్గర ఆగిన రోజు, సాయంత్రం బడి నుంచి తిరిగివస్తూ నేను ఆళ్లగడ్డలో ఆ షెడ్డు దగ్గర కారు ఆపాను. ఒక మాట అడగాలని. ఆ రోజు నువ్వు చెప్పింది అబద్ధమే కదా అని. ఆ మాట అడిగి ఏం చేసుకుంటానో నాకే తెలియదు. అయినా ఆగాను.

శిల్పి ఒక అమ్మవారి విగ్రహానికి మెడలో గొలుసు చెక్కుతున్నాడు. నన్ను చూసి ఉలి దించాడు. కుర్చీ చూపించాడు. వదినె ఎట్లుంది అని అడిగాడు. బాగుందన్నాను. పక్క షెడ్డులో మిషన్ ఒకటి రాయి కోస్తూ మోగుతోంది. అది ఆగేదాకా చూసి, నేను నోరు తెరిచేలోపల వాడే అడిగాడు.

"ఆయన్న నమ్మినాడా మేడం?"

ఇక నేను అడగవలసింది ఏమీ మిగల్లేదు. అవునని ఒక్క మాటతో చెప్పేసి ఉండవచ్చు. కానీ ఇంకొక అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. ఆయన నమ్మాడో లేదో నాకు తెలియదని చెప్పాను. అహోబిలం దారిలో ఆటో వెనక వచ్చిన సంగతి చెప్పాను. ఆయన ఎంతసేపు చూశాడో, ఏ ఏ పక్కలకు చూశాడో, చివరకు నాతో ఏమన్నాడో, అన్నీ జరిగినట్టే చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు.

"రమ్మనినాడా?" అన్నాడు.

"రమ్మన్నాడు."

వాడు భుజం మీది గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. రాతిపొడి పోయిన చోట చర్మం తడిగా మెరిసింది. ఇంకొకసారి తుడుచుకుని, గుడ్డను దులిపి, మడిచి పక్కన పెట్టాడు.

"టీ తాగి పో మేడం" అని, లోపల ఉన్న భార్యకు వినబడేలా రెండు గ్లాసులు చెప్పి, ఉలి తీసుకుని గొలుసులో తర్వాతి పూస దగ్గర పెట్టాడు.